పశువుల డాక్టరు కావాలనుకుంటున్నారా? ముందు ఒక వేసవి పశువైద్యశాలలో గడపండి

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక అమ్మాయి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చింది. ఇంటర్ మొదటి ఏడాది బైపీసీ పరీక్షలు అప్పుడే అయిపోయాయి. "మేడమ్, నాకు జంతువులంటే ప్రాణం. వెటర్నరీ చదవాలని ఉంది. సెలవుల్లో మీ దగ్గరికి రావచ్చా?" అని అడిగింది. రమ్మన్నాను. రెండో రోజు పొద్దున్నే ఒక గేదెను తోలుకొచ్చారు. ఈని మూడు రోజులైంది, మాయ (దూడ తర్వాత బయటికి రావాల్సిన పొర) పడలేదు. తోక పక్కకు తీసేసరికి ఆ వాసన ఆవరణంతా కమ్మేసింది. ఆ అమ్మాయి వేపచెట్టు వెనక్కి పరుగెత్తి వాంతి చేసుకుంది. పంపు దగ్గర మొహం కడుక్కుని తిరిగి వచ్చి, బకెట్ పట్టుకుని నా పక్కన నిలబడింది. ఆ తర్వాత నలభై రోజులు ఒక్క పూట కూడా మానలేదు.

అదే వేసవిలో ఇంకో అబ్బాయి వచ్చాడు. చురుకైనవాడు, మంచి మార్కులు. పన్నెండు రోజులు శ్రద్ధగా చేసి పదమూడో రోజు, "మేడమ్, ఇది నా వల్ల కాదనిపిస్తోంది" అన్నాడు. ఆ మాట ధైర్యంగా చెప్పినందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది. కోర్సులో నాలుగో ఏడాదికి వచ్చాక తెలిసి బాధపడాల్సిన సంగతి అతనికి పదమూడు రోజుల్లోనే తెలిసింది.

ఆ ఇద్దరి కోసమూ, వాళ్ళలాంటి పిల్లల కోసమూ ఇది రాస్తున్నాను. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే పశువైద్య డిగ్రీ ఐదున్నరేళ్ళ కోర్సు. నాలుగున్నరేళ్ళు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. అంత కాలం పెట్టే ముందు ఒక వేసవి పెట్టి చూసుకోవడం ఎవరికైనా మంచిదే.

ముందే ఒక సంగతి స్పష్టంగా

మన దగ్గర ఈ అనుభవానికి ఒక్క మార్కు కూడా కలవదు. వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా భర్తీ చేసే 15 శాతం అఖిల భారత కోటా సీట్లకు నీట్ ర్యాంకే ఆధారం. మిగతా సీట్లకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ, హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమూ ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఏ పరీక్ష ర్యాంకు అడిగితే అదే లెక్క. నెల రోజులు గేదెల మధ్య గడిపానని చెప్పినంత మాత్రాన సీటు రాదు. కాబట్టి సర్టిఫికెట్ కోసం రాకండి. ఈ పని మీ చేతులకూ, మీ ముక్కుకూ, మీ మనసుకూ పడుతుందో లేదో తెలుసుకోవడానికి రండి.

ఎప్పుడు వెళ్ళాలి

అన్నిటికన్నా అనువైనది ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు అయ్యాక వచ్చే ఏప్రిల్, మే నెలలు. రెండో ఏడాదిలో ఆ రోజులన్నీ ప్రవేశ పరీక్షల కిందే పోతాయి కాబట్టి అప్పుడు ఆసుపత్రి జోలికి రావద్దు. పరీక్షలన్నీ రాసేశాక కౌన్సెలింగ్ మొదలయ్యేవరకూ మళ్ళీ కొంత ఖాళీ దొరుకుతుంది. అది రెండో అవకాశం.

ఎన్ని రోజులు అని అడుగుతారు. వారం రోజులు ఉంటే ముచ్చట తీరుతుంది, అంతకుమించి ఏమీ తెలియదు. కనీసం ఇరవై రోజులు, రోజూ ఉదయం పూటంతా ఉండాలి. ఎండాకాలంలో రైతులు ఎండ ముదరకముందే పశువులను తోలుకొస్తారు. మీరు తొమ్మిదిన్నరకు వస్తే సగం కేసులు వెళ్ళిపోయి ఉంటాయి.

మే, జూన్ నెలలకు ఇంకో విశేషం ఉంది. తొలకరికి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేసే కాలం అది. జీవాలకు, అంటే గొర్రెలు, మేకలకు, చిటుకు రోగం టీకాలూ ఆ రోజుల్లోనే ఉంటాయి. టీకాల బృందం వెంట ఒక్క ఉదయం ఊళ్ళో తిరిగితే వంద పశువులను దగ్గరగా చూస్తారు. నెలంతా ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చున్నా అన్ని కనబడవు.

ఎక్కడికి వెళ్ళాలి

మీ మండలంలోని ప్రభుత్వ పశువైద్యశాల నుంచే మొదలుపెట్టండి. నగరంలో పెరిగిన పిల్లలు చాలామంది కుక్కల క్లినిక్‌కే వెళ్తామంటారు. వద్దనను గానీ, దానితో మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఈ కోర్సులో మీ సమయం ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్ళతోనే గడుస్తుంది. ఏసీ గదిలో లాబ్రడార్‌కు టీకా వేయడం చూసి ఇష్టపడి చేరి, భుజం దాకా తొడుగు వేసుకుని చూడి (గర్భం) పరీక్ష చేయాల్సి వచ్చినప్పుడు తెల్లబోయిన పిల్లలను చూశాను. మీకు దొరికిన రోజుల్లో సగానికి పైగా పెద్ద పశువుల దగ్గరే గడపండి.

ఊరి స్థాయిలో గోపాలమిత్రలు (పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవాళ్ళు), పశుసంవర్ధక సహాయకులు ఉంటారు. ఏ ఇంట్లో ఏ గేదె ఎన్నో ఈతలో (కాన్పులో) ఉందో వాళ్ళకు నోటికి వచ్చు. రెండు రోజులు వాళ్ళ వెంట సైకిల్ మీదో బండి మీదో తిరగండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం మీ ఊరికి వచ్చినప్పుడు దగ్గర నిలబడి చూడండి. జిల్లా కేంద్రంలో వెటర్నరీ పాలీక్లినిక్ ఉంటే శస్త్రచికిత్సలు అక్కడ కనబడతాయి. హైదరాబాద్ పిల్లలకు నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. గాయపడిన వీధికుక్కల సేవ చూడాలంటే హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ లాంటి సంస్థలు ఉన్నాయి.

వీలు చేసుకుని ఒక్క రోజు ఏదైనా పశువైద్య కళాశాల బోధనాసుపత్రికి కూడా వెళ్ళి రండి. 1946 నుంచి ఉన్న రాజేంద్రనగర్ కళాశాల, 1955లో మొదలైన తిరుపతి కళాశాల పాతవి. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, కోరుట్ల, మామునూరుల్లోనూ కళాశాలలు ఉన్నాయి. అక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్న అన్నలతో, అక్కలతో పది నిమిషాలు మాట్లాడితే ఏ కోచింగ్ సెంటరూ చెప్పని విషయాలు తెలుస్తాయి.

గొర్రెల కాపరుల సంగతి కూడా చెప్పాలి. మందతో ఒక పగలంతా తిరగండి. రెండు వందల గొర్రెల్లో ఏది మేత మానిందో దూరం నుంచే గుర్తుపట్టే కన్ను వాళ్ళది. ఆ కన్ను మాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

ఎలా అడగాలి

ఫోన్ చేసి అడగవద్దు. వెళ్ళి కలవండి. రద్దీ తగ్గిన తర్వాత, పదకొండున్నర, పన్నెండు మధ్య వెళ్ళండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్ళాలి. కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర ఒక చిన్న ఉత్తరం తీసుకుంటే డాక్టరుకూ ధైర్యంగా ఉంటుంది. ఎందుకంటే ఆవరణలో మిమ్మల్ని గేదె తన్నితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

మాట సూటిగా ఉండాలి. "సార్, నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. వెటర్నరీ చదవాలని ఉంది. అది నాకు సరిపడుతుందో లేదో చూసుకోవాలి. నెల రోజులు పొద్దున పూట వచ్చి చూస్తాను. ఓపీ రిజిస్టర్ రాయడం, నీళ్ళు పట్టడం, మీరు ఏ పని చెబితే అది చేస్తాను. మీరు చెప్పనిదే దేన్నీ ముట్టుకోను." ఈ చివరి వాక్యం వింటే నాలో సగం భయం పోతుంది. ఒక డాక్టరు కుదరదంటే నొచ్చుకోకండి. మండలానికి ఒక్కరే ఉండి, టీకాలు, శిబిరాలు, సమావేశాల మధ్య నలిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. పక్క మండలంలో అడగండి.

వెళ్ళేముందు ఒంటికి రక్షణ

ఈ భాగాన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ధనుర్వాతం టీకా వేసి ఉందో లేదో చూసుకోండి. రేబిస్‌కు కాటుకు ముందే వేసుకునే టీకాలు ఉన్నాయి: మొదటి రోజు ఒకటి, ఏడో రోజు ఒకటి, 21 లేదా 28వ రోజు ఒకటి. అంటే మీరు ఏప్రిల్‌లో రావాలనుకుంటే మార్చిలోనే మీ డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి. వేసుకున్నా సరే, కుక్క కరిచినా గీరినా సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ రెండు డోసులు వేయించుకోవాల్సిందే.

రేబిస్ కుక్కలతోనే ఆగదు. పిచ్చికుక్క కరిచిన ఆవుకూ వస్తుంది. ఆవు చొంగ కారుస్తూ, గొంతు బొంగురుపోయి అరుస్తూ ఉంటే, గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని ఇంటివాళ్ళు నోట్లో చెయ్యి పెడతారు. అలాంటి పశువు వచ్చినప్పుడు డాక్టరు చెప్పేవరకూ నాలుగడుగుల దూరంలో ఉండండి.

ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే పడిపోయిన) దూడను, మాయను తొడుగు లేని చేత్తో ఎప్పుడూ ముట్టుకోవద్దు. పశువుల్లో గర్భస్రావాలు కలిగించే బ్రూసెల్లోసిస్ మనుషులకూ సోకుతుంది. ఊళ్ళల్లో దాన్ని ఈసుడు రోగం అంటారు. అది వదలని జ్వరాలు, కీళ్ళనొప్పులతో ఏళ్ళ తరబడి వేధిస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు వేసే బ్రూసెల్లా టీకాలో ఉండేది బతికున్న క్రిమే. ఆ సీసా దగ్గర కూడా దూరంగానే ఉండాలి. ఉన్నట్టుండి చనిపోయిన పశువుకు ముక్కు, నోరు, మలద్వారాల నుంచి గడ్డకట్టని రక్తం వస్తుంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) అనుమానించాలి. దాన్ని కోయకూడదు, ముట్టకూడదు.

మిగతావి చిన్న విషయాలే. మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు, పాత ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా చాలు. అమ్మాయిలు చున్నీ వేసుకోవద్దు, జడ పైకి చుట్టి కట్టుకోండి. గోళ్ళు తీసేయండి, ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టండి. ఇంటికి వెళ్ళగానే ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మొదటి వారం: చేతులు కట్టుకుని చూడండి

నేను మొదటి వారం పిల్లలకు ఓపీ రిజిస్టర్ ఇస్తాను. ఊరు, పశువు రకం, వయసు, ఈత, రోగ లక్షణం, చెవి పోగు మీది 12 అంకెల సంఖ్య, ఇచ్చిన మందు అన్నీ రాయాలి. విసుగు పని అనిపిస్తుంది. కానీ వారంలో మీ మండలంలో ఏ రోగాలు తిరుగుతున్నాయో ఆ పుస్తకమే చెప్పేస్తుంది.

తర్వాత పశువు దగ్గరికి ఎలా వెళ్ళాలో నేర్పుతాను. ఎప్పుడూ వెనకనుంచి చప్పుడు లేకుండా వెళ్ళవద్దు. పక్కనుంచి, మీరు దానికి కనబడేలా, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్ళండి. ముందు మూపురం దగ్గర చెయ్యి వేయండి, తర్వాత వీపు మీదుగా వెనక్కి జరపండి. గుర్రం వెనక్కి తన్నుతుంది. ఆవు కాలిని ముందుకు తెచ్చి పక్కకు తిప్పి తన్నుతుంది. కాబట్టి ఆవు పక్కన ఉన్నంత మాత్రాన భద్రం అనుకోవద్దు. పలుపును ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. పశువు బెదిరి లాగితే వేళ్ళు విరుగుతాయి. పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం ట్రెవిస్‌లోకి ఎక్కించినప్పుడు కమ్మీల మధ్య చెయ్యి పెట్టవద్దు.

ఈ వారంలో చేతితో చేయగల పనులు రెండే. మొదటిది ఉష్ణోగ్రత. థర్మామీటరును కాస్త వాలుగా పెట్టి లోపలి గోడకు తగిలేలా ఉంచాలి. పేడ మధ్యలో గుచ్చితే తప్పుడు అంకె వస్తుంది. ఆవుకు సుమారు 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. గేదెకు దాదాపు అంతే, లేదా కాస్త తక్కువ. గొర్రెలు, మేకలకు 102 నుంచి 103. కుక్కకు 101 నుంచి 102.5. ఎండలో మూడు కిలోమీటర్లు నడిచొచ్చిన గేదెకు వెంటనే పెట్టి చూసి జ్వరం అనేయకండి. దానిది నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. అరగంట చెట్టు నీడన నిలబెట్టి అప్పుడు చూడండి.

రెండోది నెమరు సంచి కదలిక. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముక వెనక ఉండే గుంటలో పిడికిలి నొక్కి ఉంచి వాచీ చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పశువుకు రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు లోపలినుంచి ఒక అల లేచి మీ పిడికిలిని బయటికి తోస్తుంది. మొదటిసారి ఆ తోపుడు చేతికి తగిలినప్పుడు పిల్లల మొహాలు వెలిగిపోతాయి. అది చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం.

రైతు మాట వినడం నేర్చుకోండి

ఈ వృత్తిలో రోగి మాట్లాడదు. రైతు చెప్పేదాంట్లోనే సగం రోగ నిర్ధారణ ఉంటుంది. టౌన్ పిల్లలకు ఆ భాషే అర్థం కాదు. ఒక రైతు, "అమ్మాయ్, ఇది తొలిచూరు పడ్డ. మూడుసార్లు సూది చేయించాం, పొర్లుతానే ఉంది" అన్నాడు. పక్కనున్న అబ్బాయి రిజిస్టర్‌లో "నేల మీద పొర్లుతోంది" అని రాశాడు. రైతు చెప్పింది వేరు. అది మొదటి ఈతకు రావాల్సిన గేదె పడ్డ, మూడుసార్లు కృత్రిమ గర్భధారణ చేయించినా చూడి నిలవక మళ్ళీ ఎదకు వస్తోంది అని. నేను ఆ అబ్బాయిని కోప్పడలేదు. అందరం అక్కడినుంచే మొదలుపెడతాం.

కాబట్టి మాటలు పోగు చేయండి. ఎదకు రావడం, చూడి కట్టడం, ఈసుకుపోవడం, ఈనడం, మాయ వేయడం, చేపడం, వట్టిపోవడం, పారుకోవడం, నెమరు వేయకపోవడం. రోగాల పేర్లు కూడా రైతు నోటి నుంచే నేర్చుకోండి: గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, పొదుగువాపు, చిటుకు రోగం, నీలి నాలుక, ముద్ద చర్మం. పక్క జిల్లాకు వెళ్తే ఇదే రోగానికి ఇంకో పేరు ఉంటుంది, దాన్నీ రాసుకోండి. రేపు కాలేజీలో ఇంగ్లీషు పేర్లు ఎలాగూ నేర్పుతారు. ఈ పేర్లు ఎవరూ నేర్పరు.

డాక్టరు అడిగే ప్రశ్నల వరస గమనించండి. ఎన్నో ఈత? ఈని ఎన్నాళ్ళైంది? పాలు ఎన్ని లీటర్లు ఇచ్చేది, ఇప్పుడెన్ని? మేత తింటోందా, నెమరు వేస్తోందా? పేడ ఎలా ఉంది? దాణా ఏమైనా మార్చారా? ఇంట్లో ముందే ఏమైనా తాగించారా? ఈ ఆఖరి ప్రశ్నకు రైతులు వెంటనే జవాబు చెప్పరు. మెల్లగా, నింద లేని గొంతుతో అడగాలి. ఆ గొంతు కూడా గమనించి నేర్చుకోండి.

ముట్టుకోకూడనివి

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులదే. డిప్లొమా ఉన్న సిబ్బంది చిన్నపాటి సేవలు చేయడానికి కూడా వైద్యుని పర్యవేక్షణ ఉండాలి. మీరు విద్యార్థులు కూడా కాలేదింకా. సూది వేయడం, కుట్లు వేయడం, కృత్రిమ గర్భధారణ, లోపల చెయ్యి పెట్టి చూడి పరీక్ష చేయడం, మందు చెప్పడం, ఇవేవీ మీ పనులు కావు. ఎవరైనా సరదాగా "కానియ్ బాబూ, నువ్వే పొడువు" అన్నా చేయవద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను చదువుకునే రోజుల్లో ఒకచోట సెలవులకు వచ్చిన అబ్బాయి చేత మేకపిల్లకు తొడ వెనక సూది వేయించారు. సూది నరానికి తగిలింది. ఆ పిల్ల మళ్ళీ ఆ కాలు సరిగ్గా మోపలేదు. దాన్ని పెంచుకున్న ముసలావిడ ఎవరినీ ఏమీ అనలేదు. మేకపిల్లను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వీపు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

మీరు చేయగలిగినవి చాలా ఉన్నాయి. పశువు తల పట్టుకోవడం, సెలైన్ సీసా ఎత్తి పట్టుకోవడం, గాయం కడగడానికి నీళ్ళు అందించడం, పొదుగువాపు పరీక్షకు నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెల్లోకి పట్టివ్వడం, పరికరాలు కడిగి మరిగించడం. కృత్రిమ గర్భధారణకు వీర్యం నిల్వ ఉంచే ద్రవ నత్రజని క్యాన్ మూత తీసేటప్పుడు మాత్రం వెనక్కి జరగండి. అందులో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చలి ఉంటుంది.

ఒక రాత్రి కేసు

నెలలో ఒక్కసారైనా డాక్టరుతో రైతు ఇంటికి వెళ్ళే అవకాశం అడగండి. పెద్దవాళ్ళ అనుమతితోనే వెళ్ళండి.

ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. "డాక్టరమ్మా, గేదె లేవట్లేదు. నిన్న పొద్దున ఈనింది." నేను మొదట చెప్పిన ఆ అమ్మాయిని, వాళ్ళ నాన్నను కూడా తీసుకుని వెళ్ళాను. పాకలో బల్బు వెలుగులో గేదె పడుకుని ఉంది. మెడ వెనక్కి తిప్పి, తల డొక్క మీద ఆనించింది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. మూతి ఎండిపోయింది. ఉష్ణోగ్రత మామూలు కంటే తక్కువ. ఇంటివాళ్ళు సీసాతో నూనె తాగించబోతున్నారు. ఆపాను. ఆ స్థితిలో పశువు సరిగా మింగలేదు, తాగించింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అది పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్ళు చల్లబడుతుంది. ఈనగానే పాలలోకి ఒక్కసారిగా కాల్షియం వెళ్ళిపోయి రక్తంలో తగ్గుతుంది, కండరాలు పట్టు తప్పుతాయి. ఎక్కువగా ఈనిన మూడు రోజుల్లోపు, పాలు బాగా ఇచ్చే పశువుల్లో వస్తుంది. గేదె ఒక పక్కకు ఒరిగిపోకుండా గడ్డి నింపిన గోతాలు రెండు వైపులా పెట్టాం. కాల్షియం సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, మెడ రక్తనాళంలోకి నిదానంగా ఎక్కించాను. సీసా పట్టుకున్నది ఆ అమ్మాయే. ఎత్తితే వేగం, దించితే నిదానం. నేను స్టెతస్కోపు గుండె మీద పెట్టి "దించు... ఇంకా దించు... సరే, అలాగే" అంటూ ఉన్నాను. కాల్షియం త్వరగా పోతే గుండె ఆగిపోగలదు.

సీసా సగం అయ్యేసరికి గేదె తొడ కండరాలు వణకడం మొదలుపెట్టాయి. తర్వాత పెద్దగా ఒక తేన్పు వచ్చింది. మూతి మీద చిన్న చిన్న చెమట బిందువులు లేచాయి. పేడ వేసింది. సీసా అయిపోయిన కాసేపటికి ముందు మోకాళ్ళ మీద లేచి, రెండుసార్లు తూలి, నాలుగు కాళ్ళ మీద నిలబడింది. ఇంటావిడ దూడను తెచ్చి పక్కన వదిలింది. దారిలో ఆ అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగేటప్పుడు మాత్రం, "మేడమ్, చెవులు మళ్ళీ వెచ్చబడ్డాయి, పట్టుకుని చూశాను" అంది.

అన్ని కేసులూ ఇలా ముగియవు. రెండు రోజులు ఆలస్యంగా తెచ్చిన పశువులు చనిపోతాయి. ఇంటికి ఆధారమైన గేదె కళ్ళముందు పోతే రైతు పడే బాధ మీరు చూడాలి. శవపరీక్ష అవకాశం ఉంటే నిలబడి చూడండి. కళ్ళు తిరిగితే కూర్చోండి, సిగ్గుపడక్కర్లేదు. మళ్ళీ లేచి చూడాలనిపిస్తోందా లేదా అన్నదే గమనించుకోండి.

కుక్కల క్లినిక్‌లో వారం

పెద్ద పశువుల తర్వాత అక్కడికి వెళ్తే తేడా బాగా తెలుస్తుంది. పార్వో అనే వైరస్ రోగం వచ్చిన కుక్కపిల్ల నెత్తుటి విరేచనాల వాసన, సెలైన్ కోసం ముందు కాలిపై జుట్టు గొరగడం, యజమాని ఏడుపు, ఖర్చు విని వెనకాడే కుటుంబం, ఇవన్నీ ఉంటాయి. తెలియని కుక్క మొహం మీదికి వంగవద్దు. మూతికి పట్టీ వేసేవరకూ చేతులు దూరంగా పెట్టండి. పిల్లికి కోపం వచ్చే ముందు తోక, చెవులు ఏం చేస్తాయో చూసి నేర్చుకోండి.

నోటు పుస్తకం

రోజూ రెండు కేసులు చాలు, వివరంగా రాయండి. ఇలా: "మే 6. ముర్రా గ్రేడెడ్ గేదె, నాలుగో ఈత, ఈని 20 రోజులు. వెనక కుడి చన్ను వాపు, పాలు విరిగి ముద్దలుగా వస్తున్నాయి. ఉష్ణోగ్రత 103.4. డాక్టరు పొదుగువాపు అన్నారు. మందు వాడినన్ని రోజులు, ఆ తర్వాత చెప్పిన గడువు దాకా పాలు అమ్మొద్దన్నారు. ఎందుకు? ఫలితం:" ఫలితం దగ్గర ఖాళీ వదలండి. రైతు పేరు రాయవద్దు. ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు. ఎవరి కష్టమో అది.

రోజుకు ఒక్క ప్రశ్న, అదీ రద్దీ తగ్గాక అడగండి. ఒకరోజు ఆ అమ్మాయి, "నొప్పికి మెలాక్సికమ్ ఇస్తున్నారు, మనుషులకు వాడే డైక్లోఫెనాక్ ఎందుకు ఇవ్వరు?" అని అడిగింది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి లక్షలాదిగా చనిపోయాయి, 2006లో మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు అని చెప్పాను. ఇంటికి వెళ్ళి వాళ్ళ తాతను అడిగిందట. ఒకప్పుడు మా ఊరి చెరువు గట్టున రాబందులు వాలేవి అని ఆయన చెప్పాడట. మంచి ప్రశ్న అలా ఇంటిదాకా వెళ్తుంది.

అమెరికాలో చదివే మన పిల్లలకు

అక్కడ లెక్క పూర్తిగా వేరు. డిగ్రీ చదివే రోజుల్లోనే పశువైద్య అనుభవం గంటల లెక్కన కూడబెట్టి, వీఎమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తులో చూపించాలి. పశువైద్యుల పర్యవేక్షణలో చేసిన పని వేరు, ఇంట్లో కుక్కను పెంచడం, ఫారంలో పని చేయడం లాంటి జంతు అనుభవం వేరు. రెండింటినీ కలిపి రాయకూడదు. సిఫారసు ఉత్తరాలు కావాలి, వాటిలో పశువైద్యులది ఉండాలని చాలా కళాశాలలు కోరతాయి. సెలవులకు ఇండియా వచ్చి మన ఊరి డాక్టరు దగ్గర పని చేసేవాళ్ళు మొదటి రోజు నుంచే తేదీ, గంటలు, చేసిన పని రాసుకుని, వారం వారం డాక్టరు చేత సంతకం పెట్టించుకోండి. మీరు దరఖాస్తు చేసే కళాశాల దాన్ని ఎలా లెక్కిస్తుందో ముందే అడిగి ఉంచుకోండి.

ఇరవయ్యో రోజు

ఆ సాయంత్రం కూర్చుని నిజాయితీగా చూసుకోండి. పొద్దున లేవగానే ఆసుపత్రికి వెళ్ళాలనిపిస్తోందా? పేడ, చీము, రక్తం మీ మీద పడినప్పుడు ముందు ఏది గుర్తొచ్చింది, మీ చొక్కానా, పశువా? రైతుతో మాట్లాడటం భారంగా ఉందా? జంతువులంటే ఇష్టం ఒక్కటే సరిపోదు. ఈ పనిలో సగం మనుషులతోనే.

కాదనిపిస్తే బైపీసీకి దారులు మూసుకుపోలేదు. ఫిషరీస్, వ్యవసాయం, మైక్రోబయాలజీ ఉన్నాయి. అవుననిపిస్తే పుస్తకాలు తెరవండి, ర్యాంకు రావాలి కదా.

వెళ్ళేముందు ఒక్క పని మిగిలి ఉంటుంది. నోటు పుస్తకంలో "ఫలితం" దగ్గర వదిలిన ఖాళీలు. కనీసం మూడు ఇళ్ళకు స్వయంగా వెళ్ళి, ఆ గేదె ఎలా ఉందో, ఆ దూడ లేచిందో లేదో అడిగి, ఆ ఖాళీలు నింపుకుని రండి.